రైలు కిటికీ ఉన్న కొట్టం

మా బాపు పోయినంక అన్నదమ్ములం ఏరుపడ్డం. ఇల్లు అన్న పాలికి పోయింది. ఇంటి వెనక పశువుల కొట్టం, దానికి ఆనుకొని ఉన్న గడ్డి అర్ర నా పాలికి వచ్చినయి. అర్రలో కాపురం పెట్టినం. కొట్టంలో కట్టేసే ముసలి ఆవు మాత్రం అన్న పాలికే పోయింది. అంటే ఆవు ఉన్నోడికి కొట్టం లేదు, కొట్టం ఉన్నోడికి ఆవు లేదు. పంపకం చేసిన పెద్దమనుషులు దీన్నే సమానం అన్నరు. మేమిద్దరం తలలూపినం. వడ్లపని, అంటే కర్రపని, చేసేటోళ్లం కద, అటూ ఇటూ కొలత కలిస్తే చాలనుకునే బుద్ధి మాది.

ఎల్లారెడ్డిలో మా పని నాగండ్లు, కాండ్లు, బండి చక్రాలు. ఏడాది పొడుగూత ఏ కాపాయన నాగలి మంచిచెడ్డ మేం చూసుకుంటమో, పంట కల్లానికి రాగానే ఆ కాపాయన మాకు గింజలు పోస్తడు. దాన్ని మేర అంటరు. మా పొయ్యి మీద ఉడికేది ఆ మేరే. పంపకాల్లో ఇల్లూ వాకిలీ లెక్కనే కాపోళ్లను కూడా పంచుకున్నం. వాగు అవతలి వాళ్లు అన్నకు, వాగు ఇవతలి వాళ్లు నాకు. అయితే కాపోళ్లు ఆవులు కారు కద, పలుపు పట్టి గుంజితే రారు. తొలకరికి ముందు ఏ మొద్దు మీద నాగలి చెక్కించుకుంటే ఆ ఏడాది మేర ఆ మొద్దుకే అని మా దిక్కు రివాజు.

మొద్దు అంటే సగం దాకా భూమిలోకి పాతిన చెట్టు బోదె. కర్రను దాని మీద ఆనించి బాడిసతో చెక్కుతం. మొద్దు కదలకుంటేనే చెక్కుడు తిన్నగ వస్తది. దాని మీద కూసోవద్దు, కాలు పెట్టొద్దు. పొద్దున దానికి మొక్కినంకనే బాడిస చేతికి తీసుకుంటం. మా బాపు మొద్దు అన్న ఇంటి ముందర పందిరి కింద ఉండె. దాన్ని పీకి పంచుకోలేం కాబట్టి అది ఉన్న చోటే ఉండిపోయింది. నాకు మొద్దు లేదు, మొద్దు పాతే పందిరి లేదు. మొద్దు అనిపించుకోవడానికి మాత్రం నేనున్న.

ఇంకొక ఇబ్బంది కూడా ఉండె. బాపు ఉన్నన్నాళ్లూ మొద్దు కాడ అన్న పని చేసిండు, నేను కామారెడ్డిలో కట్టెల అడితిలో రంపం గుంజిన. పెద్ద రంపానికి ఇద్దరుండాలె. పైనున్నోడు గీత చూస్తడు, గుంతలో కిందున్నోడు పొట్టు తింటడు. నేను కిందోణ్ణి. నా పాలి కాపోళ్లు నన్ను చూసి "అడితిల రంపం గుంజేటోనికి నాగలి చెక్క వస్తదా?" అని గుసగుసలాడేది. నాకు వినపడేటట్టే గుసగుసలాడేది.

కాబట్టి సంగతి ఏందంటే, తొలకరి పడేలోపల నా మొద్దు నిలబడాలె, నా పాలి నాగండ్లు దాని మీదికి రావాలె. లేకుంటే మేర లేదు. మేర లేకుంటే మళ్లా కామారెడ్డి, మళ్లా గుంత. మా ఇంటామె ముందే చెప్పేసింది.

"కామారెడ్డికి నేను రాను. ఆడ నీ నెత్తిల పొట్టు ఏరుకుంట కూసునేదానికంటె ఈడ పేడ ఎత్తుడే నయం."

"ఎత్తేటందుకు ఆవు మనది కాదు కద" అని నేను.

"పాత పేడ ఉన్నది కద, తరాల నుంచి" అన్నది. ఆ మాట ఎంత నిజమో అప్పుడు మా ఇద్దరికీ తెల్వదు.

మొద్దు పాతేటందుకు నాకున్న జాగ కొట్టం ఒక్కటే. దాని సంగతి చెప్పాలె. మట్టిగోడలు, మీద గూన పెంకులు, ఒకటే తలుపు. కిటికీ లేదు. పశువులు బయటి లోకం చూసి ఏం చేస్తయిలే అని మా తాత అనుకున్నడో ఏమో. పట్టపగలు లోపలికి పోతే చెయ్యి కనపడేది కాదు. వాసన మాత్రం బాగ కనపడేది. గుంజలకు పలుపుతాళ్ల ఒరిపిడికి నున్నటి గాట్లు పడి ఉండె. గోడకు ఆవు వీపు రుద్దుకున్న జాగ, అచ్చం కర్రకు రంద పట్టి చిత్రిక చేసినట్టు నిగనిగలాడేది. మా ఇంట్ల నాకంటే ముందు రంద పని నేర్చింది ఆ ఆవే.

పెంకులు సగం పలిగి ఉండె. కుమ్మరాయనకు సారెకు కొత్త కర్ర వేసిచ్చిన, ఆయన నాకు పెంకులు ఇచ్చిండు. జర్మనీ లడాయి మొదలై ఇనుప మేకులు బంగారమైన రోజులవి. ఒక్క మేకు కొనకుండ తుమ్మకర్ర సీలలు చెక్కి దూలాలు బిగించిన. గోడలకు మా ఇంటామె ఎర్రమన్ను పూసి, మీద సున్నం వేసింది. వేపాకు పొగ పెట్టింది. అయినా లోపల చీకటే. బాడిస పని చీకట్లో చేస్తే చెక్కాల్సింది కర్రనా కాలునా అని బాడిసకే అనుమానం వస్తది.

వెలుతురు కోసం ఆలోచిస్తుంటే కామారెడ్డి యాదికి వచ్చింది. టేషను వెనక ఒక కబాడీ ఆయన ఉండేది. పాత రైలు పెట్టెల నుంచి పీకిన సామాను ఆయన కాడ గుట్టలు గుట్టలుగ పడి ఉండేది. అడితిలో నాకు రావల్సిన ఆఖరి కూలి తీసుకుందామని పోయిన, పోయినోణ్ణి అటే కబాడీ కాడికి పోయిన. వచ్చేటప్పుడు నా చేతుల్లో కూలి లేదు, రైలు కిటికీ ఉన్నది. టేకు చట్రం, లోపల మందపాటి అద్దం, ఒక మూలకు సన్నటి పగులు. పైకి లేపి గొళ్లెం వేస్తే తెరుచుకుంటది, వదిలితే కిందికి జారుతది. దాన్ని చూసిన కాడి నుంచి నాకు వేరే ఏదీ కనపడలేదు.

ఎల్లారెడ్డి మోటారు ఎక్కబోతే కండక్టరు ఆపిండు.

"అరే మియా, యే క్యా హై?"

"కిటికీ సాబ్."

"మోటారుకు కిటికీలు ఉన్నయి కద, నువ్వెందుకు ఇంకోటి తెచ్చినవు?"

"ఇది మా కొట్టానికి."

"కొట్టంల ఎవరుంటరు?"

"మొన్నటిదాకా ఆవు. ఇగ నేను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఇగ అడుగుడు దండగ అనుకున్నట్టు జరిగిండు. దారి పొడుగూత కిటికీని ఒడిలో పెట్టుకొని కూసున్న. గతుకు వచ్చినప్పుడల్లా నేను ఎగిరిన గని దాన్ని ఎగరనియ్యలేదు. పక్కన కూసున్న ముసలవ్వ మధ్య మధ్యల అద్దంలోకి వంగి చూసి కొంగు సవరించుకునేది. దిగేటప్పుడు "నీ అద్దం మంచిది బిడ్డా, మనిషిని పలుచగ చూపెడతది" అని దీవించి పోయింది.

ఇగ అన్న సంగతి. పంపకాలైనంక మా మధ్య మాటలు లేవు. అయితే ఆవుకు పంపకం అర్థం కాలేదు. పొద్దుగూకే యాళ్లకు మంద ఇంటికి మర్లగానే అది నేరుగ నా కొట్టంలోకి వచ్చి, దాని గుంజ కాడ నిలబడేది. అన్న పాలికి పోయిన ఆవును నేను తోలుకపోయి ఇచ్చుడేంది అని నాకు పట్టుదల. తమ్ముని కొట్టంలోకి పోయి పిలుచుడేంది అని ఆయనకు పట్టుదల. ఆవుకు ఏ పట్టుదలా లేదు, నెమరు వేసుకుంట నిలబడేది. పాలు పిండే యాళ్ల మించిపోతుంటే చివరికి అన్నే రావాల్సి వచ్చేది. వచ్చినోడు పలుపు పట్టుకొని పోతే అయిపోయేది. కని పోడు. చుట్టూ చూసేటోడు, సర్కారు తనిఖీకి వచ్చినట్టు. నాతోటి మాట్లాడడు కాబట్టి ఆవుతోటి మాట్లాడేటోడు.

కిటికీ బిగించిన రోజు వచ్చిండు. సగం తెరిచి ఉన్న అద్దం లోంచి సాయంత్రం ఎండ నేల మీద పడి ఉన్నది. కొంచెంసేపు దాన్నే చూసిండు.

"చూసినవా" అన్నడు ఆవుతోటి, "నీకు రైలు తెప్పిచ్చిన్రు. టికెట్టు కొన్నవా?"

నవ్వు ఆపుకున్న. మాటలు లేని అన్న జోకుకు నవ్వితే పంపకం చెల్లదేమో అనిపించింది. ఊరంత ఆ జోకును అందుకున్నది. తొవ్వల పోయేటోళ్లు కిటికీ కాడ ఆగి "బండి ఏ టేషనుకు వచ్చింది వడ్లాయనా?" అనేటోళ్లు. నేను లోపలి నుంచి "సిగ్నల్ పడలేదు, ఆగింది" అనేటోణ్ణి. నవ్వులకు కొదువ లేదు. నాగలి మాత్రం ఒక్కటి రాలేదు.

మొద్దు పాతిన. మంచి చింత బోదె, నాలుగు ఊర్లు తిరిగి తెచ్చుకున్నది. కొట్టం నడుమ గుంత తవ్వి, దింపి, చుట్టూ మట్టి కూరి, పసుపు కుంకుమ పెట్టి మొక్కిన. మా ఇంటామె నేలంత పేడతోటి అలికి, అంచు వెంబడి ముగ్గు వేసింది. అలికిన నేల ఆరినంక చూస్తే మనసు నిండిపోయింది. గట్టిగ, నున్నగ, పచ్చగ. నేల ఎట్లాంటిదైనా అలికితే గట్టి పడతదని మాకు పుట్టినప్పటి నుంచి నమ్మకం. గోడకు పగులు వస్తే పేడ, గరిసెకు బొక్క పడితే పేడ, నేల లేస్తే పేడ. కింద ఉన్నది కూడా పేడే అయితే మీద పూసిన పేడ ఏం చేస్తది అని ఆలోచించలేదు.

మొదటి పనిగ మా ఇంటామెకు రోకలి చెక్కుడు మొదలుపెట్టిన. ముహూర్తం బాగున్నది, కిటికీ లోంచి వెలుతురు బాగున్నది, బాడిస బాగ తెగుతున్నది. కొంచెం చెక్కినంక నడుము నొస్తున్నది. పొద్దున లేని వంగుడు మధ్యాహ్నానికి వచ్చింది. ముసలితనం గింత తొందరగ వస్తదా అనుకున్న. రెండోనాటికి ఇంకింత వంగిన. మూడోనాడు మా ఇంటామె తలుపు కాడ నిలబడి చాలాసేపు చూసింది.

"నువ్వు వంగుతలేవు" అన్నది. "మొద్దు దిగుతున్నది."

చూస్తే నిజమే. దెబ్బ దెబ్బకు నా చింత మొద్దు భూమిలోకి పోతున్నది. తరాల నుంచి పశువుల మూత్రం తాగిన నేల అది. మీద పొర గట్టి, కింద సద్దిసంకటి. ఆనాటి సాయంత్రం అన్న వచ్చి ఆవు పలుపు పట్టుకొని, మొద్దు దిక్కు చూసి, ఆవుతోటి కూడా మాట్లాడలేకపోయిండు. నవ్వు ఆగక గుంజ పట్టుకున్నడు. ఆఖరికి నాతోటే మాట్లాడిండు, పంపకాలైనంక మొదటిసారి.

"తమ్మీ, పాతాళంల ఎవలకు నాగండ్లు కావాల్నట?"

నేలలోకి దిగేది ఒకటే మొద్దు అని అన్న అనుకుంటున్నడు కని, ఆ పూట రెండోది కూడా దిగిపోతే బాగుండు అనిపించింది.

ఇగ ఒకటే తొవ్వ. మెత్తటి మన్ను అంతా తీసి, మొరం పోసి, కొత్త నేల వేసుకోవాలె. ఊరి పొలిమేర గుట్ట కింద మంచి ఎర్రమొరం దొరుకుతది. కని మొయ్యాలంటే బండి కావాలె, ఎడ్లు కావాలె. ఊరందరికీ బండ్లు చేసే ఇంట్ల పుట్టిన, నాకు మాత్రం బండి లేదు. ఎడ్లు లేవు. కిరాయికి తెచ్చేటందుకు చేతుల ఉన్నదంతా కిటికీ అయిపోయింది. అయినా ఊరుకోలేక తవ్వుడు మొదలుపెట్టినం. నేను తవ్వేది, మా ఇంటామె గంపలతోటి బయట పోసేది. మోకాలి లోతు తవ్వినా నల్లగనే ఉన్నది. ఆకాశం దిక్కు చూస్తే అది కూడ నల్లబడుతున్నది. రెండు నలుపుల మధ్య నేను, అంతకంటే నల్లగ.

వాకిట్ల మన్ను కుప్ప తొవ్వకు అడ్డం అయ్యేంత పెరిగింది. వాగు ఇవతలి కాపుల్లో పెద్దాయన, మా బాపు తోటోడు, ఉత్త బండి తోలుకుంట వచ్చి ఆగిండు. తొవ్వ ఇయ్యి అని తిడతడనుకున్న. ఆయన దిగి, కుప్పలో చెయ్యి పెట్టి, పిడికెడు మన్ను తీసి పిసికిండు. ముక్కు కాడికి తీసుకపోయిండు. నా కొట్టం వాసన చూసి మొఖం వెలిగిపోయిన మనిషిని మొదటిసారి చూసిన.

"వడ్లాయనా, గీ మన్ను ఏం జేస్తవు?"

నాకు పాణం లేచి వచ్చింది. తీసుకపో పటేలా, నీ పుణ్యం ఉంటది అని నోటి దాకా వచ్చింది. అంతలనే లోపలి నుంచి మా ఇంటామె గొంతు వచ్చింది.

"ఏం జేస్తం పటేలా, మాకు చేనున్నదా చెలకున్నదా? అడిగినోళ్లకు ఇస్తున్నం."

అప్పటిదాకా అడిగినోడు ఒక్కడు లేడు. ఆమె చెప్పిన తీరుకు, ఊరు ఊరంత వరుసలో నిలబడి ఉన్నదా అని నేనే తొవ్వ దిక్కు చూసిన.

"ఎవలు అడిగిన్రు?" అన్నడు పెద్దాయన, మన్ను ఇంకా పిడికిట్లనే ఉన్నది.

"అడిగినోళ్ల పేర్లెందుకు, నువ్వు ముందుగల్ల వచ్చినవు. నీకైతే ఇస్తం. ఉత్త బండి తోటి రావద్దు అంతే. వచ్చేటప్పుడు గుట్ట కింది మొరం పోసుకొని రా. ఎర్రది, రాయి ఎక్కువున్నది. ఈడ దించు, మన్ను ఎత్తుకపో."

"బండికి బండా?"

"బండికి బండి."

పెద్దాయన ఆలోచించిండు. అటు చెలకకు ఎరువు, ఇటు పోవుడెట్లాగో పోవుడే. సరే అని బండి ఎక్కబోతుంటే ఆమె మళ్లా అన్నది, అంత ముఖ్యం కాని మాట అన్నట్టు.

"ఇంకోటి పటేలా. నాగలి మా మొద్దు మీదికే రావాలె ఈసారి. మా మామ పోయినంక నువ్వు ఇటు తొంగి చూడలేదు."

పెద్దాయన నా దిక్కు చూసిండు. గుంతల నిలబడి, మోకాళ్ల దాకా నల్లగ, గడ్డపార పట్టుకొని ఉన్న. చూడగానే నమ్మకం కలిగే వాలకం కాదు.

"మొద్దు నిలబడితె తెస్త" అన్నడు. "నిలబడకుంటె మన్ను మాత్రం వాపసు అడగొద్దు."

"అడగం" అన్నది మా ఇంటామె.

తెల్లారేసరికి ఆయన మొరం బండి వచ్చింది. ఆయన చెలకలో నల్లమన్ను పడుడు చూసి పక్క చెలక ఆయన వచ్చిండు. అటెంక ఇంకొకాయన. మా ఇంటామె తలుపు కాడ నిలబడి అందరికీ ఒకటే మాట: మొరం బండి లోపలికి, మన్ను బండి బయటికి, నాగలి మా మొద్దు మీదికి. వాగు అవతలి కాపు ఒకాయన కూడా బండి తోలుకొని వస్తే ఆమె తల అడ్డం ఊపింది. "నువ్వు మా బావ పాలు. పంపకం దాటద్దు." అంత గరీబు ఇంటికి అంత ఠీవి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెల్వదు. నేనైతే మన్ను ఊరికే ఇచ్చి, మీద సల్ల కూడా తాపి పంపుతుంటిని.

పోసిన మొరాన్ని గట్టి చెయ్యాలె. దిమ్మిస తోటి కొడదామని తుమ్మ దుంగకు పిడి వేసి మొదలుపెట్టిన. నా భుజాలు ఊడుతున్నయి కని మొరం నన్ను పట్టించుకోలేదు. అప్పుడు పెద్దాయనే అన్నడు.

"వడ్ల కల్లం ఎట్ల తొక్కిస్తం? బంతి కట్టుదాం."

బంతి అంటే ఎడ్లను ఒకదాని పక్కన ఒకటి మెడలు కలిపి కట్టి, కల్లంలో వరి మీద గుండ్రంగ తిప్పుడు. మా దిక్కు గింజలు రాల్చేది అట్లనే. కాపోళ్లు తమ ఎడ్లను తెచ్చిన్రు. నేల మీద నీళ్లు చల్లి, మొద్దు నిలబెట్టే జాగను, కల్లం నడుమ పాతే మేటి గుంజ జాగ లెక్క విడిచి, కొట్టంలోనే బంతి తిప్పినం. గోడలు చాలక మలుపుల కాడ తోకలు సున్నానికి తగిలి తెల్లగ అయినయి. ఎడ్లకు గడ్డి లేదు, గింజ లేదు, ఎందుకు తిరుగుతున్నమా అని వాటికి ఒకటే అయోమయం. పొద్దుగూకే యాళ్లకు మా అన్న ఆవు యథాప్రకారం వచ్చి, లోపల ఇంతమంది చుట్టాలను చూసి, తలుపు కాడ ఒక్క నిమిషం నిలబడి, తను కూడా బంతి పక్కన చేరి నడిచింది. దాన్ని ఎవ్వరూ కట్టలేదు. పశువులను ఖాళీ చేయించి పనిశాల చేసుకుందామని బయలెల్లిన నాకు, ఆ పనిశాల నేలను పశువులే వేసిచ్చినయి.

ఆఖరుకు మొద్దును మళ్లా దింపినం. ఈసారి కింద రాళ్లు పేర్చి, చుట్టూ మొరం కూరి, అందరం కలిసి దిమ్మిసతో కొట్టినం. మీద అలుకు వద్దంటే వద్దని నేనే అంటిని. మా ఇంటామె ముగ్గు మాత్రం వేసింది.

వాన మబ్బులు రోజూ వస్తున్నయి, పోతున్నయి. ఒక పొద్దున పెద్దాయన భుజం మీద నాగలి దుంగ వేసుకొని వచ్చి తలుపు కాడ నిలబడ్డడు. వెనక ఇంకో ఇద్దరు, ఉత్త చేతులతోటి. వాళ్లు నాగలి కోసం రాలేదు, మొద్దు దిగుతదా లేదా చూసేటందుకు వచ్చిన్రు. దిగితే అటే అన్న పందిరికి పోతరని వాళ్లు నిలబడ్డ తీరే చెప్తున్నది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

మొద్దుకు మొక్కిన. దుంగ ఆనించిన. రైలు కిటికీ పూర్తిగ పైకి లేపి గొళ్లెం వేసిన. మొదటి దెబ్బ వేసినప్పుడు నా చెవి అంతా నేల మీదనే ఉన్నది. అంతకుముందు దెబ్బ పడితే "బొద్" అనేది, తడి బస్తా మీద కొట్టినట్టు. ఇప్పుడు "ఠంగ్" అన్నది. ఆ శబ్దం మోచేతి దాకా వచ్చింది, అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో కని కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రెండో దెబ్బకు కిటికీ గొళ్లెం ఊడి అద్దం ధడేల్మని కిందికి జారింది. అందరం ఉలికిపడ్డం. పగులు అట్లనే ఉన్నది, పలగలేదు.

"బండి కదిలింది" అన్నడు పెద్దాయన.

నడుము వంగకుండ ఆ నాగలి చెక్కిన. అడితి గుంతలో కింద నిలబడి ఇన్నేండ్లు పొట్టు తిన్నోడికి ఒక లాభం ఉంటదని ఆనాడు తెలిసింది: కర్ర లోపలి ఈనె ఎటు పోతదో కింది నుంచి చూసీ చూసీ కండ్లకు అలవాటైంది. మేడి కూసునే చోట ఈనె అడ్డం తిరగకుండ దుంగను మర్లేసి చెక్కిన. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకొని, బరువు చూసి, ఏం అనలేదు. మా దిక్కు కాపాయన ఏం అనకుంటే పని బాగున్నట్టు. బాగ లేకుంటే ఊరంత వినపడుతది. వెనకున్న ఇద్దరూ ఇండ్లకు పోయి దుంగలు తెచ్చిన్రు. మధ్యాహ్నానికి వాకిట్ల నాగండ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి ఉన్నయి. మా ఇంటామె పనేం లేకున్నా రెండుసార్లు బయటికి వచ్చి వాటిని చూసి పోయింది. నేను అంతకంటే ఎక్కువసార్లే చూసిన.

వానలు పడ్డయి. పాలి కాపోళ్లు అందరూ వచ్చిన్రు. బాడిస మోత వింటే నాకు ఇంకా నమ్మకం కలిగేది కాదు, అది మా కొట్టం మోతేనా అని. ముసురు పట్టిన ఒక సాయంత్రం అన్న ఆవు కోసం వచ్చిండు. ఎప్పటి లెక్క చుట్టూ చూడలేదు. మొద్దు కాడికి వచ్చి, వంగి, మోకాలి మీద కూసొని, నేలను వేలితో గీకిండు. గోరు దిగలేదు. తర్వాత లేచి మొద్దుకు చెయ్యి ఆనించి కండ్లకు అద్దుకున్నడు.

"మొరం గుట్ట ఏ దిక్కుకెల్లి తెచ్చిన్రురా?" అన్నడు, కిటికీ దిక్కు చూసుకుంట.

"తూర్పు దిక్కు. ఎందుకన్నా?"

కిటికీ దిక్కు నుంచి మర్లకుండనే చెప్పిండు. కొట్టం లేని ఆవును పందిరి కింద, మొద్దు పక్కన కట్టేస్తున్నడు కద. వాన, పేడ, మూత్రం, ఆవు కాళ్ల తొక్కుడు. బాపు మొద్దు, మా తాతల కాడి నుంచి ఇంచు కదలని మొద్దు, వాలుతున్నది. నవ్వు వస్తదేమో అనుకున్న. రాలేదు. ఆ మొద్దు మీదనే కద చిన్నప్పుడు నేను మొదటిసారి ఉలి పట్టింది.

లోపలి నుంచి మా ఇంటామె అడిగింది. "బావా, ఆ పందిరి కింది మన్ను మంచిగ నల్లబడ్డదా?"

"నల్లబడ్డదే బిడ్డా."

"ఇంకో ఏడాది ఆగుతె మంచి ధర వస్తది."

అన్న ముందు బిత్తరపోయిండు, తర్వాత అర్థమై నవ్విండు. పంపకాలైనంక మేం ముగ్గురం ఒకేసారి నవ్వింది అప్పుడే. ఆవు కూడా తల ఎత్తి చూసింది.

తెల్లారి నేను నా బాడిస తీసుకొని అన్న వాకిట్లోకి పోయిన. ఇద్దరం కలిసి బాపు మొద్దును లేపి, కింద రాళ్లు పెట్టి, మొరం కూరి నిలబెట్టినం. మిగిలిన దూలాలు, పలగని పెంకులు, తుమ్మ సీలలు నావే. వాటితోటి ఇంటి వెనక, నా గోడకు ఆనించి, ఆవుకు చిన్న కొట్టం కట్టినం. అంత కష్టపడి కొట్టాన్ని పనిశాల చేసుకున్నోణ్ణి, పనిశాల చేతికి వచ్చినంక నేను కట్టిన మొదటి కట్టడం మళ్లా కొట్టమే. దానికి కిటికీ కూడా పెట్టిన, చిన్నదే, కర్రది. మా తాత పెట్టలేదని నాకు మనసులో ఉండె.

ఆవు మాత్రం ఆ కొత్త కొట్టాన్ని ఒకసారి చూసి, సాయంత్రం మళ్లా నా తలుపు కాడికే వచ్చింది. గడప దాటి ఒక కాలు మొరం మీద పెట్టింది. "ఠక్" మన్నది. కాలు వెనకకు తీసుకొని నా దిక్కు చూసింది. మళ్లా పెట్టింది. నా నేల ఎంత గట్టిదో చూసేటందుకు ఎంతోమంది వచ్చిన్రు కని, దానిలెక్క ఎవ్వరూ చూడలేదు. ఆనాడు అన్న దాన్ని తోలుకపోయేటందుకు వస్తే, కొంచెంసేపు ఉండనియ్యమని నేనే అంటిని.